నోరు మూసుకుని ఎక్కిన కొండ

నేను నాలుగో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదివేవాణ్ణే గాని, ఒకరోజు పొద్దున్నే మా అయ్యవారు ఇంటికి వచ్చి, గడప బయటే నిలబడి, "ఏమప్పా, బడి నీ కొడుకన్నా మానాల, నేనన్నా మానాల. నాకు పెండ్లాం బిడ్డలుండారు" అని మా నాయనతో చెప్పి పోయాడు. అయ్యవారి పెండ్లాం బిడ్డలు పస్తులుండకూడదని నేనే మానేశాను. నేను చేసిన నేరం పెద్దదేమీ కాదు. ఆయన ఒక మాట చెబితే నేను రెండు చెప్పేవాణ్ణి. పిల్లలు ఆయన చెప్పింది మరిచిపోయి, నా రెండూ గుర్తు పెట్టుకునేవాళ్ళు.

అలాంటి నోటిని వెంటబెట్టుకుని నేనొక కొండ ఎక్కవలసి వచ్చింది. ఒక్క మాట కూడా పలకకుండా.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. కర్నూలు ముఖ్యపట్టణమై, కచేరీలు డేరాల్లో నడుస్తున్న రోజులవి. దొరతనం డేరాల్లో ఉంటే మా ఎద్దులు పెంకుల కొట్టంలో ఉన్నాయని చెప్పి నేను రచ్చ మీద అందర్నీ నవ్విస్తుండేవాణ్ణి. మా ఊరు వేంపల్లెకు బండి మీద అరపూట దూరం. ఊరికి పడమర ఒక కొండ ఉంది. దాని మీద చెట్లు తక్కువ. ఉన్నదంతా బోదగడ్డి. వానలు పడిన ఏడు అది మనిషి నిలువు మించి పెరిగి, చలికాలం వచ్చేసరికి పండిన జొన్నచేను రంగుకు తిరుగుతుంది. ఊళ్ళో చాలా కొట్టాల కప్పులు ఆ గడ్డే. దూరం నుంచి చూస్తే కొండ మీద ఎవరో గొర్రెతోలు పరిచినట్టు మెత్తగా కనబడేది. దగ్గరికి పోతే తెలుస్తుంది, ఆ మెత్తదనం ఎలా కోస్తుందో.

ఆ చలికాలం నా కొడుక్కు జ్వరం వచ్చింది. వాడికి రెండున్నరేళ్ళు. మొదటి రెండు రోజులు పట్టించుకోలేదు. మూడోరోజు వాణ్ణి ఎత్తుకుంటే చంకలో నిప్పుల కుంపటి పెట్టుకున్నట్టు ఉంది. ఐదోరోజు వేంపల్లెకు బండి కట్టి డాక్టరుకు చూపించాము. ఆయన ఎర్రనీళ్ళ మందు సీసాలో పోసి, పూటకు ఎంతో తెలియడానికి కాగితం ముక్కను రంపం పండ్ల మాదిరి కత్తిరించి సీసాకు అంటించి ఇచ్చాడు. సీసాలో మందు ఒక్కొక్క పన్నూ దిగుతూ వచ్చింది. జ్వరం మాత్రం దిగలేదు. ఎనిమిదోరోజున మళ్ళీ తీసుకుపోతే డాక్టరు నాడి చూసి, నా మొహం చూడకుండా, "రేపటికి చెమట పట్టి దిగల్ల. దిగకపోతే కడపకు తీసకపో" అన్నాడు. కడపకు ఆ బిడ్డ బండిలో చేరతాడా అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

మూడోరోజు నుంచీ నేను వాడి తల దగ్గర కూర్చుని చెప్పింది ఒకటే మాట. "నాయనా, కండ్లు తెరువురా నాయనా." నాకు తెలిసిన కోతివేషాలన్నీ వేసి చూశాను. ఎద్దు మాదిరి అరిచాను, కోడి మాదిరి కూశాను. వాడు ఒకసారి కండ్లు తెరిచి, నేనెవరో తెలియనట్టు చూసి, మళ్ళీ మూశాడు. అంతకుముందు నా వేషం చూసి నవ్వనివాడు మా ఊళ్ళో లేడు.

ఆ సాయంత్రమే మా అమ్మ మొక్కుకుంది. మా కొండ మీద గడ్డిలో మూడు రాళ్ళున్నాయి. కొండమీది అమ్మ అంటారు. గుడి లేదు, పూజారి లేడు. ఆయమ్మకు కోడి అక్కరలేదు, కొబ్బరికాయ అక్కరలేదు. కావలసింది మూగమొక్కు. కొండ కింద పసుపు పూసిన గుండు దగ్గర వేపాకు పండ్లతో కరిచి పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాలి. పైకి పోయి, రాళ్ళ పక్క నుంచి పిడికెడు బోదగడ్డి పెరికి తెచ్చి, జబ్బుపడ్డవాళ్ళ తలకింద పెట్టి, వాళ్ళ ఒళ్ళు తాకాలి. అంతవరకు నోట్లోంచి మాట రాకూడదు. వస్తే మొక్కు చెడిపోతుంది. చెడిపోతే ఏమవుతుందో మా ఊళ్ళో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. చెప్పకుండా చాప చుట్టినట్టు చేతులు తిప్పేవాళ్ళు.

"ఎవరు ఎక్కాల?" అని అడిగాను, మా అమ్మే ఎక్కుతుందేమోనని.

"నువ్వే."

"నేనా? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? మూగోడు ఒకడు ఉండనే ఉండాడు గదా, బేల్దారి పని చేసేటోడు."

మా అమ్మ నవ్వలేదు. "సులువైంది ఇస్తే ఆయమ్మ యాల తీసుకుంటాది? వాడు నోరు మూసుకుంటే అదేమన్నా మొక్కా? నీకు ఏది కష్టమో అదే మొక్కుకున్యా" అంది.

జ్వరంతో కాలుతున్న బిడ్డ మంచం పక్కన ఉండి కూడా, మూలనున్న మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కొడుకు, అంటే నా బామ్మర్ది, బయటికి వెళ్ళి నవ్వి వచ్చాడు. అక్క బిడ్డకు బాగాలేదని తల్లీకొడుకులు మూడురోజుల ముందే మా ఇంటికి వచ్చి ఉన్నారు. వాడికి ఇరవై ఏళ్ళుంటాయి. పెండ్లినాటి నుంచీ నేను వాణ్ణి ఏడిపించని దినం లేదు. పగ్గం ముక్క వాడి కాళ్ళ మీద వేసి "పాము" అని అరవడం, వాడు నిద్రపోతుంటే పొట్లకాయ తెచ్చి పక్కలో పెట్టి "పాము" అనడం, ఇలాంటివి ఎన్నో. మొదట మొదట వాడు ఎగిరి గంతేసేవాడు. తర్వాత తర్వాత, నేను పాము అంటే వాడు తల కూడా తిప్పేవాడు కాదు.

మొక్కు ఎక్కేవాడి వెంట ఒక మనిషి ఉండాలి, నోరు విప్పలేదని సాక్ష్యం చెప్పడానికి. వాణ్ణే పంపారు.

మరునాడు కోడికూతతో బయలుదేరాము. ఊరి నుంచి కొండ కింది పసుపు గుండు దాకా మాట్లాడవచ్చు గనుక, నేను ఆ మైలు దూరం ఊపిరి పీల్చకుండా మాట్లాడాను. పొద్దెక్కే దాకా సరిపోయే మాటలు ముందే ఖర్చు చేసినట్టు. ఏం మాట్లాడానో ఒక్కటి గుర్తు లేదు. మధ్యలో ఒకసారి మాత్రం, "ఒరే, వాడు పొద్దున నా వేలు పట్టుకున్యాడు చూసినావా" అన్నాను. "చూసినా బావా" అన్నాడు వాడు. నిజానికి వాడు చూడలేదు. బిడ్డ పట్టుకోనూ లేదు. నేనే ఆ చేతిలో నా వేలు పెట్టి వచ్చాను.

గుండు దగ్గర చెప్పులు విడిచాము. ఇంటి నుంచి తెచ్చిన వేపరెమ్మను నేను పండ్ల మధ్య పెట్టుకున్నాను. చేదు గొంతులోకి దిగింది. దాంతో నా నోటికి తలుపు పడింది.

నోరు మూసుకుంటే చెవులు తెరుచుకుంటాయని నాకు అంతవరకు తెలియదు. ఆ కొండను నేను చిన్నప్పటి నుంచీ ఎక్కుతున్నాను. గడ్డి కోతకు పదిమంది కలిసి పోయేవాళ్ళం, కొడవళ్ళు, కేకలు, నా పాటలు. కొండ ఎలా ఉంటుందో ఎన్నడూ వినలేదు. ఇప్పుడు వినబడింది. గాలి లేకపోయినా గడ్డి కదులుతుంది. ఒక చోట సర్రుమంటే పది బారల అవతల ఇంకొక చోట సర్రుమంటుంది, ఇది అడిగినదానికి అది జవాబు చెప్పినట్టు. కాలిబాట మనిషి వెడల్పు. రెండు వైపులా గడ్డి మా తలలకంటె ఎత్తు. చెయ్యి చాచి పక్కకు పెడితే ఆ చెయ్యే కనబడదు. దానిలో ఏముందో ఎలా కనబడుతుంది?

జొన్నచేలో పిట్టల్ని తోలడానికి మంచె ఎక్కి డబ్బా కొడతారు. ఇన్నాళ్ళూ నేను నోటితో అదే చేస్తున్నానని ఆ బాటలో తెలిసింది. డబ్బా ఆపగానే ఎక్కడెక్కడి పిట్టలూ వచ్చి వాలాయి. బిడ్డ పెదవుల మీద పొక్కులు. డాక్టరు నా మొహం చూడకపోవడం. తొలిచూలు బిడ్డను పోగొట్టుకున్న మా పెద్దక్క ఆ తర్వాత ఏడాది పాటు ఎవరితోనూ మాట్లాడకపోవడం. ఒక్కొక్కటీ వచ్చి వాలుతుంటే, తోలడానికి నా దగ్గర ఏమీ లేదు.

మా బామ్మర్దికి మాత్రం ఆ పొద్దు పండగే. ఐదేళ్ళ బాకీ తీర్చుకోవడానికి దేవుడు ఇచ్చిన పూట.

"ఏం బావా, పలకవు? కోపమొచ్చిందా?" అంటాడు. "మా ఊళ్ళో అందరూ అడుగుతాండారు, మీ బావ నిద్రలో గూడా మాట్లాడతాడంట గదా అని. ఇప్పుడు చెప్తా, మా బావ శానా మర్యాదస్తుడు, ఏమన్నా పడతాడు, ఎద్దు మాదిరి తల ఊపుతాడు అని." నేను చేయి ఎత్తితే రెండడుగులు ముందుకు ఉరుకుతాడు. "కొట్టు బావా, కొట్టు. కొడితే మొక్కు చెడదు. తిడితేనే."

వాడు అలా వాగుతుండడం నాకు ధైర్యంగానే ఉంది. కొండ మీద ఒక మనిషి గొంతు వినబడుతున్నది గదా. వాడు కూడా అందుకే వాగుతున్నాడేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

సగం ఎక్కాక ఒక చోట బాట పక్క గడ్డి మంచం వెడల్పున అణిగి ఉంది. ఏదో పండుకుని లేచినట్టు. మేకపోతు వాసన లాంటి వాసన, కాని మేకది కాదు. ఆ నెలలో మేకలకాపరి ఒకడు రెండు మేకల్ని చిరుత ఎత్తుకుపోయిందని చెప్పి ఉన్నాడు. నేను నిలబడిపోయాను. మా బామ్మర్ది కూడా నిలబడ్డాడు. అణిగిన గడ్డిని చూసి, నన్ను చూసి, "పందిలే బావా" అన్నాడు, గొంతు తగ్గించి. పంది అని ఎలా తెలుసురా అని అడగాలి. ఎప్పుడు లేచి పోయింది, ఎటు పోయింది అని అడగాలి. ఒక్కటీ అడగలేను. అడగలేని ప్రశ్న కడుపులో రాయిలా పడి ఉంటుందని ఆ పొద్దే తెలిసింది. వేపరెమ్మను గట్టిగా కరిచి నడిచాను. ఆ తర్వాత వంద అడుగుల దాకా నా వీపు నాది కాదు. ఎవరో వెనక నుంచి దాన్నే చూస్తున్నారు.

పొద్దు బారెడు ఎక్కింది. చలి విరిగింది. బాట కొండ భుజం మీదికి తిరిగే చోట గడ్డి కొంచెం పలచబడి, బండ పలకలు బయటపడతాయి. మా బామ్మర్దికి మళ్ళీ హుషారు వచ్చింది. నాకు ఇరవై అడుగుల ముందు ఉన్నవాడు నా వైపు తిరిగి, నన్ను చూస్తూ వెనక్కి నడుస్తూ ఎక్కడం మొదలుపెట్టాడు. నా నడక నడిచి చూపిస్తున్నాడు, నా మూతి మూసుకోవడం, నా మోర దించుకోవడం. బాగానే చేస్తున్నాడు. నవ్వు కూడా వచ్చింది నాకు, తొమ్మిది రోజుల తర్వాత.

అప్పుడు వాడి వెనక బండ మీద చూశాను.

మొదట ఎవరో చుట్టకుదురు పారేసి పోయారనుకున్నాను. అదీ ఆ మందమే, ఆ చుట్టే. ఎండకు మెరుస్తూ, గొలుసు మచ్చలతో. రక్తపింజరి. చలికి రాత్రంతా బిర్రబిగుసుకుని, ఎండ కాచుకోవడానికి బండ మీదికి వచ్చింది. మా బామ్మర్ది మడమలు దానికి ఐదారడుగుల్లో ఉన్నాయి. ఒక్కొక్క అడుగే వెనక్కి పోతున్నాయి.

నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను. వాడూ ఎత్తి ఊపాడు. చప్పట్లు కొట్టాను. "నేనేమన్నా కోడినా బావా, చప్పట్లు కొట్టి పిలుస్తాండావు" అని ఇంకొక అడుగు వెనక్కి వేశాడు. వాడి వెనక్కి వేలు చూపించాను. వాడు నవ్వాడు. "చూపించు, చూపించు. పగ్గమా, పొట్లకాయా?" అన్నాడు. ఇంకొక అడుగు.

అక్కడ నేను ఆగాను. ఈ సంగతి రాయకుండా దాటిపోవచ్చు, కాని అలా చేస్తే ఇది రాయడమే దండగ. నేను ఆగాను. నోరు విప్పితే కింద బిడ్డ. విప్పకపోతే ముందు వీడు. నా పెండ్లానికి ఒక్కడే తమ్ముడు. ఒక చేతిలో బిడ్డనూ ఒక చేతిలో వాణ్ణీ పెట్టి తూచాను. ఎంతసేపు అని ఎవరైనా అడిగితే, వాడు ఒక అడుగు వేసినంతసేపు. ఆ అడుగు నేను చూస్తూ వేయనిచ్చాను.

పాము బుస కొట్టింది. కొలిమి తిత్తి నుంచి గాలి వచ్చినట్టు. వాడు అది గాలి అనుకున్నాడు. నేను పాము అని అరిచినా వాడు నిలబడడని నాకు తెలుసు. ఆ మాటను నేనే ఐదేళ్ళు అరగదీసి పెట్టాను. నోట్లోంచి ఏం వచ్చిందంటే, ఇన్నాళ్ళుగా నాలుక మీద ఉన్నదే వచ్చింది.

"నాయనా, కదలొద్దురా నాయనా."

వేపరెమ్మ కింద పడింది. మా బామ్మర్ది ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయాడు. వాడి మొహంలో నవ్వు పోయింది. పాము సంగతి వాడికి తెలియదు. నా మొహం చూసే నిలబడ్డాడు. నేను చేత్తో పక్కకు సైగ చేశాను. ఈసారి సైగ విన్నాడు. కాలు పక్కకు దించి, ఒరిగి, గడ్డిలోకి పడినట్టు నా వైపు వచ్చాడు. తిరిగి చూశాడు. రక్తపింజరి నిమ్మళంగా చుట్ట విప్పుకుని, బండ దిగి, గడ్డిలోకి పోయింది. గడ్డి కొంచెం దూరం కదిలి, ఊరకుంది.

వాడు నా భుజం పట్టుకుని గడ్డి వైపే చూస్తూ నిలబడ్డాడు.  

"అట్ల పిలిస్తివే బావా" అన్నాడు చివరికి. "నీకేమన్నా అయిందేమో అనుకున్యా. అట్ల నన్ను నువ్వు యానాడు పిలిచినావు?"

నేను కింద పడిన వేపరెమ్మ వైపు చూశాను. అది పాము పోయిన దారి పక్కనే పడి ఉంది. వాడూ చూశాడు. అప్పుడు వాడికి మొక్కు గుర్తుకు వచ్చింది. మొహం పాలిపోయింది, పామును చూసినప్పటికంటె ఎక్కువ.

"నువ్వేం మాట్లాడలేదు" అన్నాడు. "నేనేం వినలేదు. సాక్షి నేనే గదా. నేను వినకపోతే నువ్వు మాట్లాడనట్టే."

వాడు తొంగి తొంగి పోయి ఆ రెమ్మ తెచ్చి, పంచెకు తుడిచి ఇచ్చాడు. నేను మళ్ళీ పండ్ల మధ్య పెట్టుకున్నాను. ఆయమ్మ వినలేదా అని అడగాలని ఉంది. అడిగితే రెండోసారి అవుతుంది.

అక్కడి నుంచి వాడు వాగలేదు. ముందు నడవలేదు. నా పక్కనే, భుజం రాసుకుంటూ నడిచాడు. కొండ పైన నేల పళ్ళెం మాదిరి చదును, అంతా గడ్డే. మధ్యలో మూడు రాళ్ళు, ఎవరో ఎప్పుడో పూసిన పసుపు. ఆ రాళ్ళ ఎదుట నిలబడితే మామూలుగా మొక్కుకుంటారు. నేను తలెత్తలేకపోయాను. బడి ఎగ్గొట్టి పట్టుబడిన రోజు అయ్యవారి ముందు నిలబడినట్టు నిలబడ్డాను. ఆయన దగ్గరైతే ఒక మాట చెప్పి తప్పించుకునేవాణ్ణి. పిడికెడు గడ్డి పట్టుకుని లాగాను. బోద అంచు అరచేతిలో గీత గీసింది. నెత్తురు గడ్డికి అంటింది. దాన్ని తుడవాలా వద్దా అన్నది కూడా నాకు భయమే అయింది. తుడవలేదు.

ఆ పళ్ళెం అంచు నుంచి చూస్తే మా ఊరు కనబడుతుంది. మిద్దెలన్నీ అగ్గిపెట్టెల మాదిరి. మా మిద్దె ఉత్తరం కొసన ఉన్నది. ఎప్పుడు కొండ ఎక్కినా దాన్ని వెతుక్కోవడం నాకు అలవాటు.

మా మిద్దె మీద తెల్లగుడ్డ పరిచి ఉంది.

పొద్దున మేము వచ్చేటప్పుడు లేదు. ఒకటి కాదు, పొడుగ్గా రెండు మూడు. మా వాకిట్లో నల్లగా మనుషులు. పది మంది, ఇరవై మంది, ఇంకా సందులోంచి వస్తున్నారు. పొలాలకు పోయే పొద్దున ఒక ఇంటి ముందు ఊరంతా ఎందుకు చేరుతుందో ఎవరికైనా తెలుసు. తెల్లగుడ్డ ఎందుకు తీస్తారో కూడా తెలుసు.

నేను మా బామ్మర్దిని చూశాను. "అది వేరే ఇల్లు బావా" అంటాడేమోనని చూశాను. వాడూ చూస్తున్నాడు. ఏమీ అనలేదు. పొద్దటి నుంచి నోరు మూయనివాడు మూసుకోవడం కంటె పెద్ద సాక్ష్యం ఇంకేం కావాలి? కొంచెంసేపటికి నా చేయి పట్టుకుని, "పా బావా" అన్నాడు.

దిగామో, దొర్లామో నాకు తెలియదు. చిరుత పండుకున్న చోటు దాటామా? దాటే ఉంటాము. పాము బండ దాటామా? దాని మీదనే కాలు పెట్టి దిగి ఉంటాను. ఒకేమాట తలలో తిరుగుతున్నది. నేను నాయనా అని ఒక్కసారి పిలిచాను. కొండ మీద పిలిచినందుకు ఇంట్లో పలికేవాడు పోయాడు. ఇంకొక మాట కూడా తిరిగింది, అంతకంటె చెడ్డది. నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేది? ఆ మాట రాగానే పక్కన వగరుస్తూ ఉరుకుతున్నవాణ్ణి చూడలేక తల తిప్పుకున్నాను.

పసుపు గుండు దగ్గర చెప్పులు వదిలేసి ఊళ్ళోకి ఉరికాము. సందు తిరిగేసరికి మా వాకిలి నిండా జనం. నన్ను చూడగానే అందరూ లేచి రెండు పక్కలా చీలి దారి ఇచ్చారు. ఒక్కరు ఒక్క మాట అనలేదు. ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. కొందరి భుజాలు కదులుతున్నాయి. నాతో ఎప్పుడూ మాటకు మాట అనే కుమ్మరాయన కూడా తల వంచుకున్నాడు. నేను ఆ దారిలో నడిచాను. ఇరవై అడుగులుంటుందేమో. ఆ కొండకంటె ఎక్కువ దూరం.

లోపల మంచం మీద నా పెండ్లాం కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో బిడ్డ. ఒంటి మీద గుడ్డ లేదు. నేను వంగి, గడ్డి వాడి తల కింద పెట్టి, నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. 

వాడు కండ్లు తెరిచి నా నోట్లో వేపరెమ్మ చూశాడు. చెయ్యి చాచి పీకాడు.

మా అత్త చెప్పింది. మేము పోయిన కాసేపటికే చెమట పట్టిందట. కప్పిన నా పాత పంచెలు మూడూ తడిసి ముద్దయితే, ఆమే పిండి మిద్దె మీద ఆరేసిందట. బిడ్డ గంజి అడిగి తాగాడట. వాకిట్లో జనం సంగతి మా బామ్మర్ది అడిగితే మా అమ్మ నాకు చెప్పింది. "నువ్వు నోరు మూసుకోని వస్తాండావంటే ఊరంతా చూసేదానికి వచ్చినారు. వద్దంటే ఇనరే. నిన్ను ఎవరన్నా పలకరిస్తే నువ్వు బదులు చెప్తావని, ఒక్కరు నోరు తెరిచినా ఒప్పనని చెప్పి నిలబెట్టినా." కొంగుల వెనక వాళ్ళు నవ్వాపుకుంటున్నారు. నేను దాన్ని ఏడుపు అనుకున్నాను. పుట్టినప్పటి నుంచి అందర్నీ నవ్వించినవాణ్ణి, నవ్వేదో ఏడుపేదో పోల్చుకోలేకపోయాను.

నోరు విప్పవచ్చు. ఊరంతా వాకిట్లో కాచుకుని ఉంది, మొదటి మాట ఏమంటాడా అని. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. మాట రాలేదు. "పాపం, అలవాటు తప్పినాడు" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వి పొలాలకు పోయారు.

భయం మాత్రం వాళ్ళతో పోలేదు. జ్వరం దిగింది గాని, మొక్కు చెడిందని నాకు తెలుసు. ఆయమ్మ ఇంకా చూసుకోలేదేమో. చూసుకుంటే మళ్ళీ తీసుకుంటుందేమో. మూడు రోజులు నేను బిడ్డ నుదురు తడుముతూనే ఉన్నాను, నిద్రపోతున్నవాణ్ణి కూడా లేపి. మా బామ్మర్ది నాతో కన్ను కలిపేవాడు కాదు. వాడు వాళ్ళ ఊరికి పోయేటప్పుడు నేను వాడి సంచిలో పగ్గం ముక్క పెట్టలేదు. వాడు సందు చివరి దాకా పోయి, సంచి విప్పి చూసుకుని, ఏమీ లేకపోయేసరికి నా వైపు తిరిగి చూశాడు.

నాలుగోరోజు పొద్దున మా అమ్మ రాగులు విసురుతున్నది. ఎదురుగా కూర్చుని నేనూ తిరగలి పిడి పట్టుకున్నాను. నాలుగు చుట్లు తిప్పి, చెప్పేశాను. బండ, పాము, పిలిచిన పిలుపు, రెమ్మను మళ్ళీ నోట్లో పెట్టుకున్నది. వాడు వేసిన ఆ ఒక్క అడుగు సంగతి కూడా చెప్పాను. "మొక్కు చెడిపోయిందిమా. నేను మాట్లాడినా" అన్నాను.

మా అమ్మ తిరగలి ఆపింది. నా మొహం చూసింది. పక్కన ఎండలో బిడ్డ పిండి తింటున్నాడు, మూతి నిండా పూసుకుని. వాణ్ణీ చూసింది. గుప్పెడు రాగులు తిరగలి నోట్లో పోసి, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టి అన్నది:

"నువ్వు నోరు మూసుకోని కొండెక్కుతాంటే ఆయమ్మకే అనుమానం వచ్చింటాది, వీడెవడో అని. ఒక మాట పలికిచ్చి, నువ్వేనని చూసుకోని పంపించినాది. పిడి గట్టిగా పట్టుకో."